పేట టీముకు నోరొచ్చిన ఏడాది

చిల్లకల్లులో వీరరాఘవయ్యకు ఎనిమిదెకరాల మెట్ట చేను, ఒక జత ఎడ్లు, ఒక భార్య, లెక్కలేనన్ని అభిప్రాయాలు ఉండేవి. చేను వానొస్తే పండేది. ఎడ్లు మేత వేస్తే కదిలేవి. భార్య పున్నమ్మ తనకు తోస్తే మాట వినేది. అభిప్రాయాలకు మాత్రం వానా మేతా ఏవీ అక్కర్లేదు, పన్నెండు నెలలూ విరగ్గాసేవి. ఆ కాపంతా ఒక్క విషయం మీదే. జగ్గయ్యపేట ఫుట్‌బాల్ టీమును ఎలా బాగుచెయ్యాలి?

ఆ టీము దశరథరామయ్యగారి నూనె మిల్లుది. స్వరాజ్యం వచ్చిన కొత్తలో ఆయన బెజవాడలో ఏదో మ్యాచ్ చూసొచ్చి ముచ్చటపడి టీము పెట్టాడు. బంతి బాగా ఆడే కుర్రాళ్ళను ఏరి మిల్లులో పనిచ్చాడు. పగలు బస్తాలు మొయ్యాలి, సాయంత్రం బంతి ఆడాలి, జీతం రెండిటికీ కలిపి. వీళ్ళంతా ఊరికి ఎడంగా ఉన్న పల్లెలోని క్రైస్తవ కుర్రాళ్ళు. ఆటకు జీతం తీసుకునేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. టీములో మిగతా సగం ఊళ్ళోని మోతుబరుల పిల్లలు, సరదాకి ఆడేవాళ్ళు. వాళ్ళలో ఒకడు దశరథరామయ్యగారి ఒక్కగానొక్క కొడుకు భవానీప్రసాద్. కెప్టెనూ వాడే, ముందు నిలబడి గోల్స్ కొట్టాల్సిందీ వాడే.

మొదట్లో కొన్నాళ్ళు మెట్ట ప్రాంతంలో పేట టీముకు ఎదురులేదు. తర్వాత ఏ పాపిష్టి కన్ను పడిందో గాని, ఏటా మాఘమాసంలో నందిగామలో జరిగే షీల్డు పందెంలో నందిగామవాళ్ళ చేతిలో ఓడి రావడం ఆనవాయితీ అయిపోయింది. ఓడినప్పుడల్లా వీరరాఘవయ్య బస్సులో నోరు విప్పేవాడు కాదు. మర్నాడు పేటలో కాఫీ హోటల్ బల్ల ముందు కూర్చున్నాక విప్పేవాడు, ఇక మూసేవాడు కాదు.

"గోలీని మార్చాలయ్యా. ఇశ్రాయేలు మంచోడే, కాదనను. కానీ గోల్లో నిలబడి జోకులేస్తాడు. బెజవాడ నుంచి ఒక గోలీని తేవాలి. కుర్రాళ్ళకి పూటకో కోడిగుడ్డు పెట్టాలి. తెల్లారకముందే లేపి ఏటి ఒడ్డు దాకా పరిగెత్తించాలి. ఇంక ఆ జీవరత్నం ఉన్నాడే, ఎడం పక్క ఆడేవాడు, వాడి కాళ్ళు లేడి కాళ్ళు. కానీ మొద్దు! ఖాళీగా నిలబడి ఉంటాడు, బంతి అడగడు. నోట్లో నాలుక లేదా వాడికి?"

ఇవన్నీ చెప్పి, చివర్న "నాకుగాని అప్పజెప్తే," అని ఆగి, కాఫీ తాగేవాడు. హోటల్లో వాళ్ళు నవ్వుకునేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, ఆ హోటల్లో వినేవాళ్ళకే చెప్పేవాడు లోకువ.

ఒక రోజు దశరథరామయ్యగారు కబురుపెట్టి వీరరాఘవయ్యను మిల్లుకు పిలిపించాడు.

"ఏం రాఘవయ్యా, మా టీముని రోజూ హోటల్లో ఉతికి ఆరేస్తన్నావంట?"

"ఉతికితేనేగదండీ మురికి పొయ్యేది."

"అయితే నువ్వే ఉతుకు. ఈ ఏడు టీముని నీ చేతిలో పెడతన్నా. ఎవుర్నెట్టా ఆడించుకుంటావో నీ ఇష్టం. నందిగామలో గెలిస్తే సరే. ఓడితే మాత్రం టీము ఎత్తేస్తా. బస్తాలు మోసేవోళ్ళు బస్తాలే మోస్తారు. ఏడాదికోసారి నలుగుర్లో తలొంచుకుని కూర్చునే ఓపిక నాకింక లేదు."

ఎత్తేస్తా అన్న మాట దగ్గర వీరరాఘవయ్య మీసం మీది చెయ్యి కిందికి దిగింది. పిల్లల్లేని మనిషి. సాయంత్రం నాలుగయ్యేసరికి చేలో గొడ్డలో కొడవలో ఎక్కడిదక్కడ పడేసి, కండువా దులుపుకుని పేట దారి పట్టడం తప్ప ఇంకో సంబరం ఎరగడు. ఆ పదకొండుమందీ లేకపోతే తన సాయంత్రాలు ఏమైపోతాయో తల్చుకుంటేనే భయమేసింది. అయినా పైకి మీసం దువ్వి, "షీల్డు పెట్టుకోటానికి గోడకి మేకు కొట్టించుకోండి," అని వచ్చేశాడు.

దిగితేగాని లోతు తెలియదు. మర్నాటి నుంచే అభిప్రాయాలు ఒక్కొక్కటిగా నీళ్ళలో మునగడం మొదలుపెట్టాయి.

తెల్లవారుజామున ఏటి దాకా పరిగెత్తించాడు. పల్లె కుర్రాళ్ళు పరిగెత్తి వచ్చి, ఆ కాళ్ళతోనే మిల్లుకు పోయి బస్తాలు మోసి, సాయంత్రం బంతి ముందు నిలబడి ఆవులించారు. కోడిగుడ్లు పెట్టించాడు. ఊళ్ళో పిల్లల్లో ఇద్దరు శాకాహారులు ముక్కు మూసుకుని దూరంగా జరిగారు. బెజవాడ నుంచి రప్పించిన గోలీ పది రోజులు వీరరాఘవయ్య ఇంట్లోనే దిగాడు. పున్నమ్మ పెంచుకున్న కోళ్ళన్నీ వాడి పొట్టలోకే పోయాయి. తీరా పేట హైస్కూలు పిల్లలతో ఆడిస్తే మూడు గోల్స్ వదిలేసి, ఎండ కళ్ళల్లో పడిందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రెండో సగంలో అటు పక్కకు మారాక కూడా ఎండ కళ్ళల్లోనే పడిందన్నాడు. వాణ్ణి ఆ సాయంత్రం బస్సే ఎక్కించి, ఇశ్రాయేలును మళ్ళీ గోల్లో నిలబెట్టాల్సి వచ్చింది.

"కోళ్ళు పోయినియ్యి, టీము మాత్రం అక్కడే ఉంది," అంది పున్నమ్మ. "ఇంకా ఏవన్నా అభిప్రాయాలు మిగిలినియ్యా? గేదె కూడా ఉంది మనకి."

మిగిలింది ఒక్కటే. జీవరత్నం మొద్దు. వాణ్ణి నాలుగు తిట్టి దారిలో పెట్టాలని నిశ్చయించుకుని, ఆదివారం మధ్యాహ్నం తిన్నగా పేట పక్కనున్న పల్లెకే నడిచాడు వీరరాఘవయ్య.

చర్చి వదిలి భోజనాలయ్యాయి. పల్లె వెనకాల కోతకోసిన మడిలో కుర్రాళ్ళు గుడ్డ పీలికల బంతితో ఆడుతున్నారు. దూరం నుంచే ఒక గొంతు ఖంగున మోగుతోంది.

"ఒరేయ్ ఇశ్రాయేలూ, ఇటు కొట్టరా! ఇటు! నీ కళ్ళు కాకులెత్తుకుపోయినియ్యా? దాసుగా, ఎనకాలున్నాడు చూసుకో! వదులు, వదులు బంతి!"

ఆ గొంతు జీవరత్నానిది.

వీరరాఘవయ్య ఉన్నచోటే నిలబడిపోయాడు. ఆ నోటికి మైకు సెట్టు అక్కర్లేదు. వాడు పిలిచిన చోటికల్లా బంతి వస్తోంది, వాడు చెప్పినవైపుకల్లా కుర్రాళ్ళు కదులుతున్నారు. ఇన్నేళ్ళుగా పేట గ్రౌండులో చేతులు వేలాడేసుకుని నిలబడే మొద్దు వీడేనా?

మడి గట్టున ఇద్దరు పిల్లలకు జడలు వేస్తున్న జీవరత్నం అక్క కృపావతి ఆయన్ను చూసి లేచి నిలబడింది. మనిషి గట్టిది. పదిమంది కూలీలను వెంటేసుకుని నాట్లకు పోయే ముఠాకు ఆమే పెద్ద.

"ఏమ్మా, మీ తమ్ముడికి ఇక్కడింత నోరుంది, మా గ్రౌండులో ఏమైపోతంది అది?"

కృపావతి పిల్లలిద్దర్నీ పక్కకు పంపింది. తర్వాత నెమ్మదిగా అంది. "తప్పయితే మన్నించండి, రాఘవయ్యగారండీ. ఇక్కడున్నోళ్ళంతా ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవోళ్ళు. అక్కడ మిల్లు చినబాబుగారున్నారు, కరణంగారి అబ్బాయిగారున్నారు. ఆళ్ళని ఏమని పిలవమంటారు మావోణ్ణి? 'బాబుగారండీ, తమరు కాస్త బంతి ఇటు దయచేయించండీ' అనేలోపు నందిగామోళ్ళు బంతెత్తుకుని కంచికచర్ల దాటిపోరా అండీ?"

వీరరాఘవయ్య పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు. ఎందుకంటే అది నవ్వులాట కాదు. బంతి కాళ్ళ దగ్గర పెట్టుకున్నవాడి చూపు నేల మీదే ఉంటుంది. పక్కన ఎవరు ఖాళీగా ఉన్నారో వాడికి చెవులే చెప్పాలి. పేట టీములో సగంమంది ఆ మిగతా సగాన్ని పిలవనే పిలవలేరు. అందుకే భవానీప్రసాద్ బంతి ఎప్పుడూ తన స్నేహితులకే వెళ్ళేది. అది తెలిసిన నందిగామవాళ్ళు అక్కడే కాపు కాసేవారు. ఇన్నేళ్ళుగా గట్టు మీద కూర్చుని అందర్నీ తిట్టాడు గాని, తన కళ్ళ ముందున్న ఈ ఒక్క సంగతీ తనకు కనిపించలేదు. ఎందుకు కనిపించలేదో కూడా ఆయనకు వెంటనే తెలిసింది. తనను వాళ్ళు అండీ అంటుంటే చెవులకు హాయిగానే ఉండేది మరి.

ఇంటికొచ్చి పున్నమ్మకు చెప్పాడు. ఆమె చేటలో కందులు చెరుగుతూ విని, "ఇది తెలుసుకోటానికి పల్లె దాకా పోవాలా?" అంది.

"అంటే?"

"ఆమధ్య చేలో పాము పడగెత్తితే నేనేవన్నానో గుర్తుందా? 'ఏవండోయ్, ఏవండోయ్' అని గొంతు చించుకున్నా. పక్క చేలో ఉన్న మగాళ్ళంతా తిరిగి చూశారు, మీరు తప్ప. పేరు పెట్టి పిలిస్తే మీ ఆయుష్షు తగ్గుద్దని మా అమ్మ చెప్పి పంపింది. ఆ రోజు పాము కరిస్తే తగ్గేది నా ఆయుష్షేగా!"

వీరరాఘవయ్య మర్నాటి సాయంత్రం గ్రౌండులో టీమును చుట్టూ కూర్చోబెట్టుకుని, కర్రతో గ్రౌండు గీత చూపించాడు.

"ఇయ్యాల్టి నుంచి ఆ గీత లోపల గారు లేదు, అండీ లేదు, బాబు లేదు. అందరికీ పొట్టి పేర్లే. ఎవురు ఎవుర్నయినా ఒరేయ్ అనొచ్చు. అనాలి. అననోడు గీత బయట కూర్చుంటాడు."

ఊళ్ళో పిల్లలు మొహాలు చూసుకున్నారు. పల్లె కుర్రాళ్ళు నేల చూపులు చూశారు. భవానీప్రసాద్ మాత్రం, "గెలవటానికి అదే మందైతే తాగుదాం, బాబాయ్. కాలేజీలో నన్ను అందరూ ప్రసాదే అంటారు," అన్నాడు. వాడు మంచివాడే. కాకపోతే వాడి మంచితనాన్ని ఇన్నాళ్ళూ ఎవరూ ఏ పనికీ వాడుకోలేదు.

ఆట మొదలైంది. జీవరత్నం నోరు తెరిచాడు, మూశాడు. "ప్ర..." అన్నాడు. "ప్రసాదుగారండీ" అని బయటికొచ్చింది. అందరూ నవ్వారు. వాడి మొహం పాలిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అలవాటైన నాలుక, కర్రతో గీత చూపిస్తే తిరుగుతుందా?

వీరరాఘవయ్యకు మొండి పట్టుదల వచ్చింది. పంచె ఎగ్గట్టి తనే గ్రౌండులోకి దిగాడు. "ముందు నన్ను పిలవండ్రా. నాకన్నా పెద్దోడు లేడుగా ఈ గ్రౌండులో. ఊఁ, రాఘవా అనండి."

ఎవరూ అనలేదు. బంతి ఆయన పక్కనుంచి పోతుంటే వెనక గోల్లోంచి ఇశ్రాయేలు అరిచాడు. "ఒరేయ్ రాఘవా! చూస్తావేంట్రా, తన్నరా!"

పరిగెత్తేవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. వీరరాఘవయ్యకు చెవుల దాకా వేడెక్కింది. తనను ఒరేయ్ అన్న ఆఖరి మనిషి తాతయ్య. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో! చెయ్యి దానంతటదే పైకి లేవబోయింది. ఆ చేతిని తొడకేసి అదిమిపెట్టుకున్నాడు. మాట తనదే, గీత తనదే. అనమన్నది తనే. ఇప్పుడు చెయ్యి లేస్తే టీము ఇక్కడే అయిపోతుంది. పరిగెత్తి బంతిని ఒక్క తన్ను తన్నాడు. అది ఎటో పోయి ముళ్ళకంచెలో పడింది.

"సరిగ్గా తన్నటం కూడా రాదేంట్రా నీకు?" అన్నాడు ఇశ్రాయేలు.

ఈసారి అందరూ నవ్వారు. వీరరాఘవయ్యా నవ్వాడు, సగం నొప్పితోనే. కానీ ఆ నవ్వుతో ఏదో ముడి సడలింది. వారం తిరిగేసరికి పేట గ్రౌండు సంతలా మోగిపోయింది. "ఒరేయ్ ప్రసాదూ, ఇటు!" అని జీవరత్నం ఎడం పక్కనుంచి కేకేస్తే, భవానీప్రసాద్ తల ఎత్తకుండానే బంతి అటు తోసేవాడు. హైస్కూలు పిల్లల మీద మొదటిసారి అరడజను గోల్స్ కొట్టారు. గీత దాటగానే మళ్ళీ గారూ, అండీ మామూలే.

ఈ కేకలు మిల్లు గోడ దాటి ఆఫీసు గదిలోకి వెళ్ళకుండా ఉంటాయా? దశరథరామయ్యగారు మళ్ళీ పిలిపించాడు. ఈసారి కూర్చోమనలేదు.

"ఏంటయ్యా ఈ చోద్యం? బస్తాలు మోసేవాడు నా కొడుకుని ఒరేయ్ అనటవేంటి?"

"గీత లోపలేనండీ."

"రేపు ఈ మిల్లు నడపాల్సినోడు వాడు. పొద్దుగూకులూ ఒరేయ్ అన్న నోరు, మిల్లులో ఆడి మాట వింటదా? నాకు ఆటలో గెలుపు కావాలి, నిజవే. ఇంటి పరువు అమ్ముకుని కొనుక్కునేంత కాదు."

"నా ఇష్టం వచ్చినట్టు ఆడించుకోమని మాటిచ్చారు."

"ఇచ్చా. ఇచ్చింది వెనక్కి తీసుకోను. కానీ ఇదీ విను. నందిగామలో అంతమంది పెద్దమనుషుల మధ్య నా కొడుకుని ఒక్కడు ఒరేయ్ అన్నాడా, గెలిచినా ఓడినా టీము ఆ పూటతో సరి."

దశరథరామయ్యగారు చెడ్డవాడేమీ కాదు. ఆయనకు లోకం అలాగే కనిపించేది. చిల్లకల్లుకు తిరిగి నడుస్తుంటే వీరరాఘవయ్యకు దిక్కు తోచలేదు. నోరు తెరిస్తే టీము పోతుంది. మూస్తే షీల్డు పోతుంది, దాంతోపాటు టీమూ పోతుంది. ఎటు చూసినా గొయ్యే. కానీ ఇంటికి చేరేలోపు ఆయనకు ఒకటి మాత్రం ఖాయమైంది. ఎలాగూ పొయ్యే టీము నోరు మూసుకుని పోవడానికి వీల్లేదు.

మాఘమాసం వచ్చింది. షీల్డు పందెం రోజు నందిగామ గ్రౌండు చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. పేట నుంచి దశరథరామయ్యగారి బస్సులు రెండూ నిండి వచ్చాయి. గట్టున కుర్చీల్లో పెద్దమనుషులు, వాళ్ళ మధ్య ఉత్తరీయం సర్దుకుంటూ దశరథరామయ్యగారు. ఆయన హెచ్చరిక టీముకు వీరరాఘవయ్య అంతకుముందు రోజే చెప్పేశాడు. దాచిపెట్టి ఆడించడం ఆయనకు చేతకాలేదు.

చెప్పినందుకు ఫలితం మొదటి సగంలోనే తెలిసింది. గ్రౌండులో పేట టీము మౌనవ్రతం పట్టింది. ఊళ్ళో పిల్లలు ఊళ్ళో పిల్లలతోనే, పల్లె కుర్రాళ్ళు పల్లె కుర్రాళ్ళతోనే. నందిగామవాళ్ళు అలవాటు ప్రకారం భవానీప్రసాద్ చుట్టూ కందిరీగల్లా మూగారు. ఎడం పక్క జీవరత్నం ఖాళీగా నిలబడ్డాడు. రెండుసార్లు నోరు తెరిచాడు, కుర్చీల వైపు చూశాడు, మూశాడు. ఇశ్రాయేలు ఎంత ఎగిరినా ఒక బంతి గోల్లోకి దూరింది. నందిగామ జనం కండువాలు గాల్లోకి ఎగరేశారు.

సగంలో విరామం ఇచ్చారు. టీము వచ్చి గట్టున కూలబడింది. వీరరాఘవయ్యకు చెప్పాల్సినవి బోలెడు గొంతులో కొట్టుకుంటున్నాయి. అన్నీ మింగేశాడు.

"చూడండ్రా," అన్నాడు. "ఇట్టాగే ఆడితే టీము పోద్ది. అరిస్తే కూడా పోద్ది. పొయ్యేది ఎట్టాగూ పోద్ది. నేనైతే అరిచి పోతా. కానీ అరవాల్సిన నోరు నాది కాదు. మిల్లులో రేపు పొద్దున పనికి పొయ్యేది కూడా నేను కాదు. అందుకని అరవమని ఎవుర్నీ అడగను."

జీవరత్నం తల వంచుకుని పాదానికి గుచ్చుకున్న ముల్లు లాక్కుంటున్నాడు. బూట్లు ఊళ్ళో పిల్లలకే ఉన్నాయి, వీళ్ళవి ఉత్తి కాళ్ళు. ముల్లు తీసి పారేసి లేచాడు. భవానీప్రసాద్ వాడి పక్కకొచ్చి, "నువ్వు పిలిస్తే నేను పలుకుతా. పిలవకపోతే నాకు నువ్వు కనపడవు," అన్నాడు. అంతే అన్నాడు.

రెండో సగం సగానికి వచ్చింది. బంతి భవానీప్రసాద్ కాళ్ళ దగ్గర ఉంది. ముగ్గురు మీద పడ్డారు. వాడు అటూ ఇటూ మెలికలు తిరుగుతున్నాడు, దారి లేదు. అప్పుడు ఎడం పక్కనుంచి కేక లేచింది. ఆ కేక ఎలాంటిదంటే, గ్రౌండు అవతల రోడ్డు మీద బండి ఎడ్లు బెదిరి ఆగాయని తర్వాత చెప్పుకున్నారు.

"ఒరేయ్ ప్రసాదూ! ఇటియ్యరా!"

కుర్చీల్లో మాటలు ఆగిపోయాయి. భవానీప్రసాద్ తల ఎత్తలేదు. ఆ కేక వచ్చిన వైపుకు బంతిని తోసేశాడు. జీవరత్నం ముందు గాలి తప్ప ఇంకేమీ లేదు. నాలుగు అంగల్లో వెళ్ళి కొట్టాడు. గోలీ కదిలేలోపు బంతి లోపలుంది.

ఇక ఎవరు ఆపగలరు? పల్లె కుర్రాళ్ళందరికీ ఒక్కసారి గొంతులొచ్చాయి. "ప్రసాదూ, వెనక!" "ఒరేయ్ కరణం, వదులు!" "నీ ఎడమకి, ఎడమకి!" పదకొండుమంది కాదు, వందమంది ఆడుతున్నట్టు మోగింది. నందిగామవాళ్ళకు ఎవరిని కాపు కాయాలో అర్థం కాలేదు. జీవరత్నం మీదికి ఇద్దరు ఉరికారు. వాడు బంతిని తిరిగి మధ్యలోకి తోసి, "నీదేరా, కొట్టు!" అన్నాడు. భవానీప్రసాద్ కొట్టాడు. రెండో గోల్. ఆ తర్వాత కాసేపటికి ఈల మోగింది.

వీరరాఘవయ్య ఏడ్చాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు.

దశరథరామయ్యగారు షీల్డు అందుకున్నాడు. అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. బస్సు ఎక్కేముందు వీరరాఘవయ్యను పక్కకు పిలిచాడు. గొంతులో కోపం లేదు, అదే ఇంకా కష్టమనిపించింది.

"బాగా ఆడించావు. షీల్డు ఆఫీసులో పెట్టిస్తా. కుర్రాళ్ళ పనికి ఢోకా లేదు, బస్తాలు మోసుకోమను. కానీ అన్న మాట అన్నదే. మిల్లు టీము ఇయ్యాల్టితో లేదు. గ్రౌండులో రేపట్నుంచి గోడౌను పునాది తవ్విస్తన్నా."

బతిమాలితే ఏమయ్యేదో. వీరరాఘవయ్య బతిమాలలేదు. "మంచిదండీ," అని చేతులు జోడించి వచ్చి, బస్సు మెట్ల దగ్గర నిలబడ్డ టీముతో అన్నాడు. "మిల్లు టీము పోయింది. పేట టీము పోలేదు. రోడ్డు పక్కన నా జొన్న చేను కోత అయిపోయింది. వచ్చే ఆదివారం చర్చి అయినాక రండి. వచ్చినోళ్ళతో ఆడదాం. ఎవురూ రాకపోతే నేనూ ఇశ్రాయేలూ ఆడతాం. నాకు తన్నటం నేర్పాల్సిన పని ఆడికింకా ఉంది."

ఆ వారమంతా వీరరాఘవయ్యా పున్నమ్మా కలిసి చేలో జొన్న మోళ్ళు పీకారు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆదివారం పొద్దున పున్నమ్మ దగ్గరున్న ముగ్గుపిండి అంతా తట్టకెత్తుకుని గీత పొయ్యడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఒక్కొక్కరే వచ్చారు. ముందు పల్లె కుర్రాళ్ళు, వాళ్ళ వెనక కృపావతి, పిల్లలు. తర్వాత సైకిల్ మీద భవానీప్రసాద్. ఇంట్లో ఏమని చెప్పి వచ్చాడో ఎవరూ అడగలేదు. వాడి స్నేహితుల్లో ఇద్దరే వచ్చారు.

వీరరాఘవయ్య ఇంకా గీత పోస్తూనే ఉన్నాడు. చేను చివరి దాకా పోశాడు. ఆగలేదు. గట్టెక్కాడు, దిగాడు, అవతల ఉన్న తన బావి చుట్టూ తిరిగి, దాన్ని కూడా లోపలికి కలిపేసి, మళ్ళీ గట్టు మీదుగా వచ్చి మొదలు పెట్టిన చోట కలిపాడు.

"అదేంటి బాబాయ్, బావి దగ్గర బంతెవరాడతారు?" అన్నాడు భవానీప్రసాద్.

"ఆడినోళ్ళకి దప్పికెయ్యదా?" అంటూ వీరరాఘవయ్య బావి దగ్గరికి నడిచాడు.

ఆ బావి చేదను పల్లెవాళ్ళు ఎన్నడూ ముట్టింది లేదు. ఆ చేలో ఎన్ని కోతలు కోసినా, పున్నమ్మో పాలేరో తోడి పైనుంచి పోస్తే, కిందుగా దోసిలి పట్టి తాగేవారు. కృపావతి కూడా ఎన్నోసార్లు అలా తాగింది. ఆమె ఇప్పుడు గీత వైపు, బావి వైపు మార్చి మార్చి చూసింది. బావి పక్కన చేద దగ్గరే నిలబడి ఉన్న పున్నమ్మ, భర్త మొహంలోకి చూసి, చేదకు దారిస్తూ ఒక అడుగు వెనక్కి జరిగింది.

ఎండ నడినెత్తిన ఉంది. జీవరత్నం పేట నుంచి నడిచొచ్చాడు, నుదుటి మీద చెమట కారుతోంది. గీత దగ్గర ఆగాడు. దాటాడు. గట్టెక్కి బావి దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు.

"ఒరేయ్ రాఘవా, ఆ చేద ఇటియ్యి."

వీరరాఘవయ్యకు మొహం వేడెక్కలేదా అంటే, ఎక్కింది. నలభై ఏళ్ళ అలవాటు అంత తేలిగ్గా ఎక్కడికి పోతుంది? చేద మాత్రం తీసి వాడి చేతికిచ్చాడు.